విద్యార్థి వేతనము: వారాల భోజనము నుండి దరఖాస్తు వరకు

తెలుగుదేశమున మొన్న మొన్నటి వరకు చదువుకొనదలచిన పేదబాలునికి ఒక మార్గముండెను. స్వగ్రామమున చదువు ముగిసిన పిదప అతడు పట్టణమునకు పోయి, ఏడు ఇండ్లలో పెద్దలను ఆశ్రయించి, ఆదివారమొక యింట, సోమవారమొక యింట భోజనము కుదుర్చుకొనెడివాడు. దీనినే వారాలు చేసికొని చదువుట యనుచుండిరి. వారమిచ్చిన యిల్లాలికి ఆ బాలుని పేరు తెలియును, ఊరు తెలియును, పరీక్ష యెప్పుడో కూడ తెలియును. తప్పినచో ఆమె మందలించును. నెగ్గినచో తన బిడ్డ నెగ్గినట్లే సంతోషించును. ఆ విధముగా చదివి న్యాయవాదులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు అయినవారు మన పెద్దల తరములో లెక్కకు మిక్కిలిగా నుండిరి.

ఆ యేర్పాటులో ఆప్యాయత కలదు. దానితోపాటు హద్దులును కలవు. వారము సామాన్యముగా కులమును చూచి యిచ్చెడివారు. ఆడపిల్లకు ఆ మార్గము లేనే లేదు. అంటరానివారని వెలిగా నుంచబడిన కుటుంబముల పిల్లలకు ఆ వీధిలో నడచుటయే దుర్లభముగా నుండెను. ఇచ్చు చేయి ఎంత మెత్తనిదైనను, అది ఎవరి వైపు చాచబడెనో చూడక ఆ కాలమును పొగడుట న్యాయము కాదు.

నేడు హైస్కూలు చదువు ముగించిన బాలబాలికలు వారము కొరకు తలుపు తట్టుట లేదు, దరఖాస్తు నింపుచున్నారు. మార్కుల పట్టిక, ఆదాయ ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, నివాస ధ్రువపత్రము, బ్యాంకు ఖాతా సంఖ్య జతపరచి, గడువు తేదీ దాటకుండ పంపుచున్నారు. వారాల యింటి నుండి ఈ దరఖాస్తు వరకు వచ్చిన త్రోవ మిగుల దీర్ఘమైనది. ఆ త్రోవ పొడవునను అడుగవలసిన ప్రశ్నలు రెండు: ఇచ్చువాడెవరు? అతడు ఎవరిని తనవారిగా నెంచి యిచ్చుచున్నాడు?

మఠము, మాన్యము

పూర్వకాలమున విద్యార్థి పోషణము దేవాలయములకును, మఠములకును ఇచ్చిన భూముల రాబడిపై ఆధారపడియుండెను. ఇందుకు తెలుగుదేశమున ప్రసిద్ధమైన నిదర్శనము గుంటూరు సీమలోని మల్కాపుర శాసనము. కాకతి రుద్రమదేవి కాలమున, 1261వ సంవత్సరమున అది వెలసెను. తన తండ్రి గణపతిదేవుని మాట చొప్పున మందడమును, తన వంతుగా వెలగపూడిని రుద్రమదేవి శైవాచార్యుడైన విశ్వేశ్వర శంభువునకు సమర్పించెను. ఆయన ఆ రాబడితో ఆలయమును, మఠమును, అన్నసత్రమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను, విద్యాలయమును నెలకొల్పెను. వేదములకు, శాస్త్ర సాహిత్యములకు, ఆగమములకు అధ్యాపకులు, ఒక వైద్యుడు, లెక్కలు వ్రాయుటకు ఒక కరణము అందు నియమింపబడిరి. చదువువారికి అన్నవస్త్రముల లోటు రాకుండ ఏర్పాటు జరిగెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. పోషణము రాజుగారి నాటి నాటి దయపై గాక, విడిగా కేటాయించిన భూమి రాబడిపై నిలిచెను. రాజు మారినను విద్యార్థి పస్తుండనక్కరలేదు. నిధిని విడిగా కట్టి దానికొక లెక్క వ్రాయువానిని పెట్టుట యను పద్ధతి ఆనాడే మనవారికి తెలిసియుండెను. వెలగపూడియే 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయమునకు చోటిచ్చినదనుట చరిత్రలోని చిత్రములలో నొకటి. ఏడువందల యేబదియేండ్ల క్రిందట విద్యార్థుల అన్నమునకై రాసిచ్చిన ఊరిలోనే ఈ కాలమున విద్యార్థి వేతనముల దస్త్రములు కదలాడినవి.

కలెక్టరు సిగ్గు

కుంపిణీ పాలన వచ్చిన పిదప ఈ మాన్యముల గతి ఏమయ్యెనో తెలిపెడి పత్రము లొకటి రెండు మిగిలియున్నవి. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822 జూన్ నెలలో తన రాజధాని పరిధిలోని పాఠశాలలెన్ని, చదువువారెందరో లెక్క తీయుమని కలెక్టర్లను ఆదేశించెను. అన్ని జిల్లాల లెక్కలు చేరగా, కోటి యిరువది యెనిమిది లక్షలకు పైబడిన జనమునకు 12,498 పాఠశాలలున్నట్లు తేలెను.

ఆ నివేదికలలో మిగుల విలువైనది బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో వ్రాసినది. నేటి అనంతపురము సీమ కూడ ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే. అతని లెక్క చొప్పున ఆ జిల్లాలో 533 పాఠశాలలుండెను. అందు కన్నడము 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతము 23, పారసీకము 21, తమిళము 4, ఇంగ్లీషు 1. చదువువారి సంఖ్య ఆరువేల ఆరువందలకు పైబడియుండెను. ఈ 533 పాఠశాలలలో ఒక్కటియైనను ప్రభుత్వము నుండి చిల్లిగవ్వ పొందుట లేదని చెప్పుకొనుటకు తనకు సిగ్గగుచున్నదని ఆ కలెక్టరు పైవారికి వ్రాసెను. పూర్వపు ప్రభువుల నాట పాఠశాలలకు పెద్దయెత్తున ఆదరువు ఉండెడిదనియు, నేత పనివారి రాబడి పడిపోయి దేశము పేదయగుచున్నదనియు, మునుపు బిడ్డలను చదివించుకొన్నవారు నేడు చదివింపజాలకున్నారనియు అతడు విశదపరచెను.

ఏలికల వైపు నుండి వచ్చిన ఈ మాట చరిత్రకారులకు అమూల్యమైనది. చదువునకు అడ్డము తెలివిలేమి కాదు, లేమియేనని ప్రభుత్వపు కాగితముపై నమోదైన తొలి సాక్ష్యములలో ఇది యొకటి. మన్రో జిల్లాకును, తాలూకాకును ప్రభుత్వ పాఠశాలలు పెట్టదలచెను. కాని 1827 జూలైలో పత్తికొండ వద్ద విషూచితో మరణించెను. ఆ తలపు ఆయనతోపాటే బలము తప్పెను.

ఇచ్చిన జీతము, కట్టిన జీతము

1835 ఫిబ్రవరి 2వ తేదీన మెకాలే వ్రాసిన నివేదికను ఇంగ్లీషు చదువును తెచ్చిన పత్రముగా అందరు నెరుగుదురు. అది విద్యార్థి వేతనముల చరిత్రలో కూడ ఒక మలుపు. కలకత్తా మదరసా లెక్కలను ఆతడు ముందుంచుకొని చూపినది ఇది: 1833 డిసెంబరులో అరబ్బీ చదువు విద్యార్థులు 77 మంది, అందరికి వేతనమున్నది, నెలకు అయిదువందల రూపాయలకు పైగా ఖర్చు. మరొక వైపు ఇంగ్లీషు చదువుకొను బయటి విద్యార్థులు తామే జీతము కట్టుచున్నారు. మూడు నెలలలో వారు చెల్లించినది 103 రూపాయలు. జనము దేనికి డబ్బు పెట్టి కొనుచున్నారో అదియే వారికి కావలసిన చదువు, డబ్బిచ్చి చదివింపవలసినది అక్కరలేని చదువు అని అతని వాదము.

వాదము చురుకైనదే. కాని అందులో ఒక లోపము కలదు. జీతము కట్టగలవారు కట్టిరనుట నిజము. కట్టలేనివారు ఏమి కోరుచుండిరో ఆ లెక్కలలో కానరాదు. ఏలయన వారు బడి గుమ్మము వద్దకే రాలేదు. ఆ సంవత్సరము మార్చి 7వ తేదీన బెంటింక్ ప్రభుత్వము ఇక మీదట చేరెడి విద్యార్థులకు వేతనములు లేవని తీర్మానించెను. నాలుగేండ్ల పిదప ఆక్లండు ప్రభువు ఆ నియమమును సడలించి, ప్రతిభ గలవారికి వేతనములను తిరిగి చేర్చవలసి వచ్చెను.

ఈ సమస్యకు ఒక క్రమము చూపినది 1854 నాటి ఉడ్ పత్రము. క్రింది బడిలో మేటియైన విద్యార్థి పై బడికి, పై బడి నుండి కళాశాలకు వేతనముతో చేరవలెననియు, ఆ వేతనము అతని పోషణమునకు చాలవలెననియు అది చెప్పెను. ఏ తరగతి జనములో పుట్టిన ప్రతిభయైనను పైకి రావలెనని దాని యాశయము. మూడేండ్లకు, 1857లో, మద్రాసు విశ్వవిద్యాలయమేర్పడి మెట్రిక్యులేషను పరీక్ష ప్రారంభమయ్యెను. నిచ్చెనకు పై మెట్లు అమరినవి. క్రింది మెట్లకు డబ్బు ఎవరు పెట్టవలెనను ప్రశ్న మిగిలెను.

బోర్డు హైస్కూలు

ఆ ప్రశ్నకు స్థానిక సంస్థలు కొంత సమాధానమిచ్చినవి. మద్రాసు రాజధానిలో 1871 చట్టముతో స్థానిక నిధి ఏర్పడెను. 1882 మేలో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానము వెలువడెను. ఆ యేడే హంటర్ విద్యాసంఘము పనిచేయసాగెను. 1884లో స్థానిక బోర్డుల చట్టము, జిల్లా పురపాలక చట్టము వచ్చినవి. రోడ్లు, ఆసుపత్రులు, సత్రములతోపాటు బడులును జిల్లా బోర్డుల చేతికి వచ్చెను. 1920 చట్టము తరువాత బోర్డులలో ఎన్నికైనవారి మాట చెల్లుబాటుకాజొచ్చెను. మన పెద్దల నోట నేటికిని వినబడు 'బోర్డు హైస్కూలు' అను మాటకు పుట్టుక ఇదియే.

బోర్డు ధనము దాత ధనము కాదు. రైతు భూమిశిస్తుతోపాటు చెల్లించిన సెస్సు, పట్టణవాసి చెల్లించిన ఇంటిపన్ను అందులో నుండెను. ఆ ఊరి బిడ్డకు బడి జీతము మాఫీ చేసినను, వేతనమిచ్చినను ఆ ఊరి సొమ్మునే ఆ ఊరికి ఇచ్చుట. వారమిచ్చిన యింటికి బిడ్డ కృతజ్ఞుడై యుండవలెను. బోర్డు వేతనమును పొందిన బిడ్డ ఎవరికిని తలవంచనక్కరలేదు. ఈ భేదమును ఆనాడు బోర్డు సభ్యులే పూర్తిగా గుర్తింపలేదు. వేతనములు కొన్ని, కోరువారు వేలు. ప్రధానోపాధ్యాయుని సిఫారసు, కరణముచే తండ్రి స్థితిగతుల ధ్రువీకరణ, బోర్డులో తెలిసినవారి మాటసాయము ఉన్న బాలునికి దారి సుగమము. ఇవి లేనివానికి ఆ దారి యున్నదను సంగతియే తెలియదు. 1911 నుండి మెట్రిక్యులేషను స్థానమున ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష వచ్చిన పిదప చదువు ముగించువారి సంఖ్య పెరిగెను. వేతనముల సంఖ్య ఆ మేరకు పెరుగలేదు.

ఆ లోటు ఒక యింటిలో ఎట్లుండునో టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యము చెప్పును. తండ్రి చిన్ననాటనే పోగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూటి యిల్లు నడపి బిడ్డలను పెంచెను. మిడిల్ పరీక్షకు కట్టవలసిన రుసుము మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు పుట్టలేదు. బాలుడు బంధువుల వద్దకు పోయి వట్టి చేతులతో తిరిగివచ్చెను. తుదకు తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టి రుసుము కట్టెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినవాడు ఆ బాలుడే. ఆ చీర లేకున్నచో ఏమగునని తలచినప్పుడు, తాకట్టు పెట్టుటకు చీరయైన లేని తల్లుల బిడ్డలు ఎందరు మరుగునపడిరో యను తలపు కూడ రావలసియున్నది.

వేతనము దొరకినవారు దానిని సార్థకము చేసిరి. తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి వేతనములతోనే వేలూరు, మద్రాసు కళాశాలలలో చదివిరి. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1902లో భారత ప్రభుత్వ వేతనముతో కేంబ్రిడ్జికి పోయి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైరి. కాకినాడలో రంగూను వర్తకముతో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ ఎందరికో చేయూత నిచ్చెను. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ సంస్థ హామీతోను, మామగారి సాయముతోను అమెరికా చేరిరి. ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేటు, ఆరియోమైసిను వంటి ఔషధములతో ఆయన పేరు ముడిపడియున్నది. ఈ మహనీయుడు మెట్రిక్యులేషను నెగ్గినది మూడవ యత్నమున. మార్కుల పట్టికను మాత్రమే చూచెడి నియమము ఆ బాలుని దరఖాస్తును మొదటి దినముననే ప్రక్కకు నెట్టియుండును.

లండను నగరపు నిచ్చెన

స్థానిక ప్రభుత్వ వేతనము హక్కుగా మారిన కథ మరొక చోట పూర్తిగా కనబడును. అది మన బోర్డులకు మాతృక నిచ్చిన ఇంగ్లండు. అక్కడ 1890లో మద్యముపై వచ్చిన పన్నులో కొంత భాగము కౌంటీ కౌన్సిళ్ళకు చేరెను. దానిని సాంకేతిక విద్యకు వెచ్చించుటకు వీలు కలిగెను. లండను కౌంటీ కౌన్సిలు 1893లో సిడ్నీ వెబ్ అధ్యక్షతన విద్యామండలి నేర్పరచి, ప్రాథమిక పాఠశాలల పిల్లలకు పోటీపరీక్ష పెట్టి వేతనము లిచ్చుట ప్రారంభించెను. కూలివాని బిడ్డ ఉన్నత పాఠశాల మెట్లెక్కుట అక్కడ అప్పుడే కొంత విస్తారముగా మొదలయ్యెను. 1907లో ప్రభుత్వ సాయము పొందు మాధ్యమిక పాఠశాలలు నాల్గవ వంతు స్థానములను జీతము లేకుండ ప్రాథమిక పాఠశాలల నుండి వచ్చిన పిల్లలకు కేటాయింపవలెనను నియమము వచ్చెను.

ఈ నిచ్చెనకును లోపముండెను. ఒక కౌంటీ ఉదారముగా నిచ్చెడిది; ప్రక్క కౌంటీ పిసినారితనము చూపెడిది. ఒకే మార్కులు వచ్చిన ఇద్దరు పిల్లలలో ఒకడు విశ్వవిద్యాలయమునకు, ఒకడు గనిలోనికి పోవుట వారి తల్లిదండ్రులు కాపురమున్న వీధిపై ఆధారపడెను. ఈ అన్యాయమును 1962 విద్యాచట్టము తొలగించెను. అర్హత పొంది తొలి పట్టమునకు చేరిన ప్రతి విద్యార్థికి ఇంగ్లండు, వేల్సులలోని స్థానిక విద్యాధికార సంస్థ వేతనమీయక తప్పదని అది శాసించెను. అడుగుట పోయి, అందుకొనుట వచ్చెను. ముప్పదియారేండ్లకు, 1998 చట్టము ఆ వేతనమును తొలగించి ఋణమును దాని స్థానమున నిలిపెను. హక్కు కూడ కాపాడుకొనువారున్నంత వరకే నిలుచునని ఆ కథ చెప్పుచున్నది.

బరోడా నుండి ఢిల్లీకి

భారతదేశమున ఈ పరివర్తన ఒక మనుష్యుని జీవితముతో పెనవేసికొనియున్నది. భీమరావు అంబేడ్కరు 1907లో మెట్రిక్యులేషను నెగ్గెను. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువుటకు నెలకు 25 రూపాయలు వేతనమిచ్చెను. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోవుటకు నెలకు 11½ పౌనుల చొప్పున మూడేండ్లు మంజూరు చేసెను. ప్రతిగా పదియేండ్లు బరోడా కొలువు చేయుదునని ఆ యువకుడు ఒడంబడిక వ్రాసియిచ్చెను. 1917లో మాట నిలుపుకొనుటకు బరోడా చేరినప్పుడు, ఆ నగరమున తల దాచుకొనుటకు చోటు దొరకలేదు. కులము తెలిసిన వెంటనే బస నుండి గెంటివేయబడెను. మహారాజు ఔదార్యము సముద్రములు దాటించెను. తన రాజధానిలో ఒక గది నిప్పింపలేకపోయెను. ఒక్కరి దయకు ఉన్న హద్దు అది.

1942లో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక సభలో కార్మిక శాఖ సభ్యుడయ్యెను. ఆ యక్టోబరులోనే షెడ్యూల్డు కులముల కష్టములను తెల్పు వినతిపత్రమును వైస్రాయికి సమర్పించి, వారి ఉన్నతవిద్యకు వేతనములు కావలెనని కోరెను. 1944లో మెట్రిక్యులేషను పై చదువులకు షెడ్యూల్డు కులముల వేతన పథకము కేంద్రమున ప్రారంభమయ్యెను. ఆ దశకము ముగియులోపల అది గిరిజన విద్యార్థులకు, పిదప ఇతర వెనుకబడిన తరగతులకు విస్తరించెను. వారాల యింటి గుమ్మము వద్దకు కూడ రానీయబడని బాలుడు అర్హతయున్నచో వేతనము పొందునని ఒక నియమము పలికెను. మహారాజు పేరు, దాత పేరు అందులో లేవు. ఆ లేకపోవుటయే దాని గొప్పదనము.

స్వతంత్ర భారతమున

ఆంధ్రప్రదేశ్‌లో 1959 నవంబరు 1వ తేదీన పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ప్రారంభమయ్యెను. బోర్డు హైస్కూలు జిల్లా పరిషత్ హైస్కూలయ్యెను. కాని వేతనముల భారము క్రమముగా జిల్లా నుండి రాష్ట్ర సాంఘిక సంక్షేమ శాఖకును, కేంద్రమునకును మరలెను. 1961లో జాతీయ విద్యార్థి వేతన పథకము వచ్చెను. 1963లో విజ్ఞానశాస్త్ర ప్రతిభాన్వేషణ పరీక్షను మొదట ఢిల్లీలో పదకొండవ తరగతి విద్యార్థులకు పెట్టి పది వేతనము లిచ్చిరి. మరుసటి యేడు దేశమంతటికి విస్తరింపజేసి 350 చేసిరి. ఆ 1963లోనే బదిలీలకు లోబడు కేంద్రోద్యోగుల పిల్లలకై ఇరువది సైనికదళ పాఠశాలలతో సెంట్రల్ స్కూళ్ళు మొదలైనవి. అవియే నేటి కేంద్రీయ విద్యాలయములు.

2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కళాశాల రుసుము తిరిగి చెల్లించు పథకమును పెద్దయెత్తున చేపట్టెను. అదే యేడు కేంద్రము తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు పేద విద్యార్థులకు ఏటా లక్ష కొత్త వేతనములను, పన్నెండు ముగించి కళాశాలకు పోవువారికి ఏటా 82,000 కొత్త వేతనములను ప్రకటించెను. 2015లో జాతీయ వేతనముల పోర్టలు తెరచిరి. బెంటింక్ తీర్మానముతో పోల్చినచో ఇది మహత్తరమైన మార్పు.

అయినను గుమ్మము మారినదే గాని గుమ్మము లేకపోలేదు. వెనుకటి బాలునికి బోర్డు సభ్యుని పరిచయము కావలసివచ్చెను. తరువాతి బాలుడు నకలు ప్రతులు చేతబట్టుకొని గజిటెడ్ అధికారి సంతకము కొరకు కచ్చేరీల చుట్టు తిరిగెను. ఈ సంచిక చదువువారిలో అట్లు తిరిగినవారును, అట్టి సంతకము పెట్టినవారును కలరు. 2010ల మధ్యకాలమున స్వీయధ్రువీకరణమునకు ప్రభుత్వములు అంగీకరించినందున ఆ తిరుగుడు చాలవరకు తగ్గెను. నేటి బాలుడు ఆదాయపత్రము గడువులోగా చేతికి రాక, లేక పేరులో ఒక అక్షరము ధ్రువపత్రములలో వేర్వేరుగా పడినందున వెనుకబడుచున్నాడు. మార్కులు తక్కువై వేతనము పోగొట్టుకొన్నవానికి కారణము తెలియును. కాగితము తక్కువై పోగొట్టుకొన్నవానికి అదియు తెలియకపోవచ్చును.

స్థానికుడెవరు?

స్థానిక నిధి స్థానికునికే యనుట మొదటి నుండి ఉన్న న్యాయము. పన్ను చెల్లించిన సీమ తన బిడ్డను ముందు చూచుకొనుట సహజమే. కాని తండ్రి ఉద్యోగము వలన విజయవాడలో పుట్టి, నాగపురమున అక్షరములు దిద్ది, ఢిల్లీలో హైస్కూలు ముగించిన బాలిక ఏ సీమ బిడ్డ?

ఆంధ్రప్రదేశ్‌లో 1974 రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల ప్రవేశములకు స్థానికుని నిర్వచించెను. అర్హత పరీక్షతో ముగియు నాలుగు వరుస సంవత్సరముల చదువు ఎక్కడ జరిగెనో అదియే ముఖ్యమైన కొలత. నూటికి ఎనుబదియైదు స్థానములు స్థానికులవి. మిగిలిన పదునైదింటికి ఎవరు అర్హులో 1979 నాటి ప్రభుత్వోత్తర్వు తెలిపెను. తల్లిదండ్రులలో నొకరు, రాష్ట్రము వెలుపల ఉద్యోగము చేసిన కాలమును మినహాయించి, మొత్తము పదియేండ్లు రాష్ట్రమున నివసించినచో వారి బిడ్డయు అందు చేరును. ఇవి ప్రవేశముల నియమములే గాని వేతనముల నియమములు కావు. అయినను పరాయిచోట కొలువు చేయు కుటుంబమునకు సొంత సీమతో ముడి తెగలేదని చూపుటకు కూడ పదియేండ్ల నివాసమునకు సాక్ష్యము కావలెనని అవి నేర్పెను. 1956, 2014 సంవత్సరములలో సరిహద్దులు మారినప్పుడెల్ల ఈ సాక్ష్యములను ఎక్కడ, ఎవరి నుండి తెచ్చుకొనవలెనను చిక్కు కొత్తగా లేచెను.

ప్రవాసాంధ్రులు దీనిని ముందుగనే గ్రహించిరి. 1948లో ఢిల్లీలో ఆంధ్ర విద్యాసంఘము నేర్పరచి పాఠశాలలు నడపినవారు, తెలుగు చదువుతోపాటు తెలుగు బిడ్డలకు ఒక నెలవును కల్పించిరి. ఉద్యోగుల సాంస్కృతిక సంఘములు చేయగలిగిన పని కూడ ఆ కోవలోనిదే. పండుగకు కచ్చేరి, ఉగాదికి కవిసమ్మేళనము ఎట్లో, వేసవిలో పరీక్షాఫలితములు వచ్చిన వారమున ఒక సాయంకాలము అట్లే. ఏ వేతనమునకు గడువు ఎప్పుడు, ఏ పత్రమును ఏ తహసీల్దారు కచ్చేరీలో తేవలెను, నివాసకాలము దేనితో చూపవలెను అను సంగతులను అనుభవజ్ఞులైన పెద్దలు కూర్చుండి చెప్పినచో, ఆ సంఘములోని నాలుగవ తరగతి ఉద్యోగి బిడ్డయు గజిటెడ్ అధికారి బిడ్డయు ఒకే వరుసలో నిలుతురు.

దరఖాస్తు వ్రాయుట దేహి యనుట కాదని ఈ చరిత్రమంతయు చెప్పుచున్నది. ఆ కాగితము వెనుక మందడపు మాన్యమున్నది. బళ్ళారి కలెక్టరు సిగ్గున్నది. బోర్డు సెస్సు కట్టిన రైతున్నాడు. బరోడాలో బస దొరకని పండితుడున్నాడు. బిడ్డ నిస్సంకోచముగా అడుగవచ్చును. అయితే నియమమునకు బిడ్డ పేరు తెలియదు, సంఖ్య మాత్రమే తెలియును. వారమిచ్చిన యిల్లాలికి పేరు తెలిసియుండెను, పరీక్ష దినము జ్ఞాపకముండెను. హక్కును చట్టము ఇయ్యగలదు, గడువు దాటకముందు "అమ్మాయీ, కాగితములన్నియు సిద్ధమయ్యెనా?" అని అడుగుట మాత్రము ఇరుగుపొరుగు పెద్దలే చేయవలెను.